నలుగురి గొంతు, ఇద్దరి గొంతు

మా కాలేజీ వెనక చర్చిలో శనివారం పాటల సాధన మొదలైతే, నేను దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టేస్తాను. శ్రుతి తప్పే గొంతులు, మళ్ళీ మొదటికొచ్చే హార్మోనియం. వింటే చాలు, మెట్టుగూడలో మా పక్కింటి ఎస్తేరు టీచరుగారు కళ్ళముందు నిలబడతారు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే లెక్కలు చెబుతూ ఉండిపోయిన మనిషి. ఆవిడ ముందుగదిలోనే వాళ్ళ చర్చి పిల్లలు పాటలు నేర్చుకునేవారు.

డిగ్రీ మొదటి సెమిస్టరులో సగటు కనీసం ఏడుంటే కంప్యూటర్ల సెక్షన్‌కు మారనిస్తామన్నారు కాలేజీవాళ్ళు. నాకు తిండీ నిద్రా అదే. నోటీసుబోర్డులో గ్రేడ్లు చూశాను. లెక్కలు ఆరు, ఫిజిక్సు ఆరు, కంప్యూటర్లు ఏడు, ఇంగ్లీషు ఎనిమిది, ల్యాబు ఎనిమిది. కూడి అయిదుతో భాగిస్తే సరిగ్గా ఏడు! మా అబ్బాజాన్ ఆగుతాడా? రెజిమెంటల్ బజార్‌లో తన టైలరు షాపు చుట్టుపక్కల అందరికీ జిలేబీ పంచేశాడు. "నా బిడ్డకు ఏడొచ్చినయ్, తినుండ్రి!"

వారం తర్వాత మెమో వచ్చింది. ఆరు పాయింట్ డెబ్బై అయిదు. తల కొట్టేసినట్టయింది. ఏడుస్తూ టీచరుగారింటికి పరిగెత్తాను.

"గిట్లెట్ల టీచర్? కాలేజోళ్ళే తప్పు చేసిన్రు!"

"ఏడుపు ఆపవే పిల్లా. క్రెడిట్లు చూశావా అసలు?"

లెక్కలు, ఫిజిక్సు, కంప్యూటర్లకు నాలుగేసి క్రెడిట్లు. ఇంగ్లీషుకూ ల్యాబుకూ రెండేసి. నేను అన్నిటినీ ఒకే గాటన కట్టాను. ఆవిడ నోటితో చెప్పలేదు. సాధనకొచ్చిన పిల్లల్లో నలుగుర్ని ఒకవైపు, ఇద్దర్ని మరోవైపు నిలబెట్టారు. నలుగుర్ని కావాలని శ్రుతి తప్పి పాడమన్నారు, ఇద్దర్ని చక్కగా. అబ్బబ్బ, చెవులు మూసుకున్నాను. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది.

"విన్నావుగా? నీ లెక్కలు ఆ నలుగురు. నీ ఇంగ్లీషు ఈ ఇద్దరు. ప్రతి గ్రేడునీ దాని క్రెడిట్లతో హెచ్చించి కూడు. మొత్తం క్రెడిట్లతో భాగించు."

నూట ఎనిమిదిని పదహారుతో భాగించాను. మెమోలో ఉన్నదే వచ్చింది. ఏడాది చివర రెండు సెమిస్టర్లూ కలిపి ఏడొస్తే ఇంకో అవకాశం ఉందట. "రేపట్నుంచి పొద్దున్నే రా. ముందు ఆ నలుగురి సంగతి చూద్దాం" అన్నారు.

వెళ్ళాను. ఆవిడ తిట్టారు, ఉప్మా పెట్టారు, మళ్ళీ తిట్టారు. వేసవిలో కొత్త మెమో పట్టుకుని వెళితే, ఆవిడ సగటు వంక చూడనే లేదు. లెక్కల వరస మీద వేలు పెట్టి, "ఎనిమిది! పాడారే నీ నలుగురూ!" అని గట్టిగా నవ్వారు. నేను కంప్యూటర్ల సెక్షన్‌కు మారాను. అబ్బాజాన్ ఈసారి ఆవిడ సరే అన్నాకే జిలేబీ కొన్నాడు.

టీచరుగారు పోయి చాలా ఏళ్ళయింది. నిన్న నా క్లాసు పిల్ల ఒకతి అచ్చం నాలాగే అయిదుతో భాగించుకుని ఏడుస్తూ వచ్చింది. నలుగురు, ఇద్దరు అంటూ వివరంగా చెప్పాను. కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆనాటి నా మెమో పట్టుకుని టీచరుగారింటికి పరిగెత్తాలనిపించింది. ఈ వయసులో కూడా, "పాడారే" అని ఆవిడ నోట ఇంకొక్కసారి అనిపించుకోవాలని ఉంది.