రాజేశ్వరి గారి మూడు కత్తెరలు

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. రాజేశ్వరి గారు నిద్రలోనే పోయారట.

పోయిన వారమే నా క్లినిక్‌కి వచ్చి, బీపీ నార్మల్ అంటే నవ్వి వెళ్ళిన మనిషి.

రేణిగుంటలో ఆమె కుట్టిన జాకెట్టు తొడగని ఇల్లు తక్కువ.

ఎనభైల మొదట్లో మా సర్జరీ ఓపీకి వచ్చారు. ఊరు కార్వేటినగరం. ఒంటిమీద పంచె, చొక్కా. తువ్వాలు చుట్టి దాచిన జుట్టు.

"నేను ఆడదాన్నే సార్. ఒళ్ళే ఒప్పుకోలేదు. ఆపరేషన్ చేస్తారా?"

మా చీఫ్ కుదరదన్నారు. జూనియర్‌గా నేను చేయగలిగింది, మద్రాసులో ఒక సర్జన్ అడ్రస్ ఇవ్వడమే. వాళ్ళమ్మను తోడు తీసుకుని వెళ్ళారు. ఆపరేషన్ అయింది. ఆ తర్వాత చెకప్‌లన్నీ నా దగ్గరే.

గాయం మానాక తల్లీబిడ్డలు మొక్కు తీర్చడానికి కొండెక్కారు. కల్యాణకట్టలో మంగలి కత్తి పట్టుకుని, గుండు కొట్టాలా, ఆడవాళ్ళకు జడ కొసన తీసే మూడు కత్తెరలా అని అడిగాడట.

వాళ్ళమ్మ అందట: "మా పాపకు మూడు కత్తెరలు సాలప్పా."

తల్లి తనను ‘పాప’ అనడం అదే మొదలు. చెకప్‌కి వచ్చినప్పుడు జడ ముందుకు వేసుకుని, కత్తిరించిన చోటు నాకు చూపించారు.

నిన్న నేను వెళ్ళేసరికి ఆమెకు పంచె కట్టి పడుకోబెట్టారు. పురోహితుడికి ఆమె తమ్ముడు పాత పేరే చెప్పాడు.

పక్కింటి మునెమ్మ కోక తెచ్చింది.

"ఆయమ్మకు పంచె ఏందప్పా? కోక ఉండాది, కట్టండి."

"మాయన్న మగోడే మునెమ్మా. డాక్టర్ సారు ఈడే ఉండారు గదా, అడుగు."

అందరూ నావైపు చూశారు. నిజం చెప్పడానికి అక్కడ నాకంటే తగినవాళ్ళు లేరు.

"ఇంటివాళ్ళ ఇష్టం" అన్నాను.

పేషెంట్ విషయం బయటపెట్టకూడదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆమె దాన్ని ఏనాడూ దాచలేదు. దాక్కున్నది నేను.

మునెమ్మ కోకను చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నావైపు చూడలేదు.

ఆమెను పంచెతోనే సాగనంపాం.

మంగలి అడిగినప్పుడు చదువురాని ఆ తల్లి తడుముకోలేదు. నన్ను అడిగినప్పుడు నేను నేల చూశాను. ఇవాళ ఇక్కడ రాయడం సులువే. సిగ్గుగా ఉంది.

ఆమె తమ్ముడు కూడా ఇది చదువుతాడు. చదవాలనే రాస్తున్నాను: మీ అక్క స్త్రీ. ఆమె డాక్టర్‌గా చెబుతున్నాను.

రాజేశ్వరి గారూ, మీ పేరుతోనే వెళ్ళిరండి తల్లీ. అక్కడైనా మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగకుండా, ప్రశాంతంగా ఉండనివ్వాలి.