ఖాజన్న నేర్పిన నిమిషం

ఈ పొద్దున వార్డులో కొత్తగా చేరిన ముసలమ్మకు ఆక్సిజన్ పెడుతుంటే, గోడకు బిగించిన నీళ్ల సీసా గుడగుడమంది. ఆక్సిజన్ ఆ నీళ్లలోంచి వచ్చి తడి పట్టుకుని రోగి ముక్కుకు చేరుతుంది. ఏళ్ల తరబడి వింటున్న చప్పుడే. "జర పెంచు సారూ," అంది ముసలమ్మ మనవరాలు. నా చెయ్యి ఆక్సిజన్ తిప్పే నాబు మీదే ఆగిపోయింది. ఖాజన్న గుర్తొచ్చాడు. ఆయన గురించి రాసేముందు ఒక మాట ఒప్పుకోవాలి. నేను కోతలు కోసే మనిషిని. ఇంట్లో చీమ కుడితే వీధిలో తేలు కుట్టిందని చెబుతాను. పామని చెప్పకపోవడం నా నిగ్రహం. ఇందులోనూ కోతలుంటాయి. ఏది ఉత్తదో చివర చెబుతాను, అంతదాకా నమ్మండి.

ఖాజన్న ఇబ్రహీంపట్నంలో మా ప్రైవేటు దవాఖానలో రెస్పిరేటరీ థెరపిస్టు. ఆ పేరు పూర్తిగా పలకడానికి ఊపిరి చాలక, రోగులు ఆయన్ని గాలి సారు అనేవారు. మనిషి ఎంత పొడుగంటే, వార్డులోకి ముందు కాళ్లు వచ్చేవి, తల ఎప్పుడో తర్వాత వచ్చేది. ఆయన భార్య కట్టి ఇచ్చే ఖట్టీ దాల్ డబ్బా తెరిస్తే, ఆ పుల్లపప్పు ఘాటుకు పై అంతస్తులో ఆపరేషన్ మత్తులో ఉన్నవాళ్లు లేచి కూర్చునేవారు. అప్పుడు నేను అక్కడ నర్సును. మగవాణ్ని కాబట్టి జనం డాక్టరనుకుని దండం పెట్టేవారు. నేనూ వద్దనేవాణ్ని కాదు.

ఖాజన్నకు ఒక అలవాటుండేది. ఊపిరాడని రోగి దగ్గరికి వస్తే ముందు యంత్రాన్ని ముట్టడు. మంచం పక్కన స్టూలు వేసుకుని, రోగి పీల్చినప్పుడు పీల్చి, వదిలినప్పుడు వదిలి, ఒక నిమిషం పాటు ఆ మనిషి ఊపిరే తనూ తీసేవాడు. చూసేవాళ్లకు జబ్బు ఇద్దరికీ వచ్చినట్టుండేది. నేను ఆయన వెనక నిలబడి అలాగే రొప్పి తోటి నర్సులను నవ్వించేవాణ్ని.

ఒక మధ్యాహ్నం నాదర్‌గుల్ నుంచి మల్లయ్య అనే ముసలాయన్ని తెచ్చారు. ఆయన తాగిన బీడీలు వరసగా పేరిస్తే అబ్దుల్లాపూర్‌మెట్ దాకా పోయి తిరిగి వస్తాయి. ఆయాసంతో కొట్టుకుంటున్నాడు. కొడుకు నా చెయ్యి పట్టుకున్నాడు.

"జర గాలి పెంచు సారూ. మా బాపు తిప్పలు చూస్తలేవా?"

చూశాను. జాలేసింది. నాబు గట్టిగా తిప్పేశాను. కాసేపటికి మల్లయ్య రొప్పడం తగ్గి, ముఖం ఎర్రబడి, కళ్లు మూతపడ్డాయి. "మూడు దినాలాయె బాపు నిద్రవోక. నీ కడుపు సల్లగుండ," అన్నాడు కొడుకు. నా గొప్పతనాన్ని తలుచుకుంటూ చాయ్ తాగడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఖాజన్న స్టూలు మీద ఉన్నాడు. మల్లయ్యతో పాటు ఊపిరి తీస్తున్నాడు. తీస్తున్నాడనడం కంటే ఎదురుచూస్తున్నాడనాలి, ఒక్కో ఊపిరికీ మధ్య అంత ఖాళీ. నాబు తగ్గించాడు, డాక్టర్ను పిలిపించాడు, ముఖానికి బిగించే మాస్కు యంత్రం తెచ్చి పెట్టాడు.

"నిద్రపోతుండు కదన్నా," అన్నాను.

"నిద్ర గాదు తమ్మీ, మునుగుతుండు. ఊపిరితిత్తులు గింత ఖరాబైన ఇసొంటోళ్లకు ఆక్సిజన్ ఎక్కువైతే లోపలి చెడుగాలి బయటికి రాదు. గా మత్తే ఇది."

"కొడుకు బతిమాలిండన్నా. జాలేసింది."

"జాలేసింది నీకు. నాబు తిప్పింది ఆయనకు."

చీకటి పడకముందే మల్లయ్య కళ్లు తెరిచి బీడీ అడిగాడు. ఖాజన్న కేసు షీటు నా ముందు పెట్టాడు. "నువ్వు జేసింది నీ చేత్తోనే రాయి. రేపు ఇంకోడు జేయకుంట ఉంటడు." రాశాను. ఆ నాలుగు వాక్యాల్లో మాత్రం ఒక్క కోత లేదు.

ఆ తర్వాత వారాల తరబడి ఖాజన్న వెంటే తిరిగాను. "నాబు ముట్టక ముందు ఒక్క నిమిషం వాళ్ల ఊపిరి నువ్వు తీయి. గా నిమిషంల నీ భయం దిగిపోతది. అప్పుడు ఆళ్లకేం గావాల్నో కనబడతది," అనేవాడు. ఆ ఏడే నర్సు కొలువు వదిలి ఆయన చదివిన కోర్సులో చేరతానని ఇంట్లో చెప్పాను.

"సూది కొలువు ఇడిసిపెట్టి గాలి కొలువా? గాలికి గూడ సదువుంటదా బిడ్డా?" అంది అమ్మ.

"ఉంటదమ్మా."

"మరి గిన్నేండ్లు సదువుకోకనే పీలుస్తున్నమా అందరం?"

ఈ ప్రశ్నకు జవాబు నా కోర్సు పుస్తకాల్లో ఎక్కడా దొరకలేదు. మొదటిరోజు క్లాసులోకి అడుగుపెడితే పిల్లలంతా లెక్చరరనుకుని లేచి నిలబడ్డారు. కూర్చోబెట్టి హాజరు తీసుకున్నాను.

చదువు ముగించి అదే వార్డుకు తిరిగొచ్చి, ఖాజన్న పక్కన కొన్నేళ్లు పనిచేశాను. ఆయన దగ్గు మొదట్లో ఎవరికీ పట్టలేదు. వయసులో ఉన్నప్పుడు ఆయన కంకర మిషను దగ్గర పనిచేశాడు. అప్పుడు పీల్చిన రాతిపొడి ఊపిరితిత్తుల్లో గట్టిపడి, ఇన్నేళ్లకు బయటపడింది. చివరికి మా వార్డులోనే, కిటికీ పక్క మంచం మీద చేరాడు. ఆ కాళ్లు మంచం దాటి బయటికే ఉండేవి. మల్లయ్యకు లాగే ఈయనకూ ఆక్సిజన్ పెంచితే మత్తు కమ్ముతుంది, ఇంతకు మించి పెంచొద్దని డాక్టరు రాశారు.

ఆఖరి మధ్యాహ్నం ఆయాసం బాగా ఎక్కువైంది. స్టూలు లాక్కుని ఆయన ఊపిరి తీయబోయాను. సగం నిమిషానికే నా ఛాతీ పట్టేసింది. ఈ ఊపిరితోనా ఈ మనిషి ఇన్ని నెలలు నాతో జోకులేశాడు అనుకున్నాను. దిండు ఒళ్లో పెట్టి ముందుకు వాల్చాను. ఫ్యాను ముఖానికి తిప్పాను. నాబు ముట్టలేదు. ఖాజన్న నా చేతివైపు చూసి, "మంచిగ జేసినవ్ తమ్మీ, ముట్టకు," అన్నాడు. పొద్దు గూకకముందే పోయాడు.

ఇక ఒప్పుకోవాల్సింది. బీడీలూ ఖట్టీ దాలూ కోతలని మీరే పట్టేసి ఉంటారు. పొడుగు కూడా కొంచెం తగ్గించుకోండి. నేను నిజంగా కల్పించింది ఒక్కటే, ఆ ఆఖరి మాట. మొదట ఆయన భార్యకు చెప్పాను. తర్వాత అడిగిన ప్రతివాళ్లకూ చెప్పాను. ఖాజన్న అన్నది అది కాదు. "జర పెంచు తమ్మీ," అన్నాడు. రెండుసార్లు. నేను పెంచలేదు. సరిగ్గా చేశానని డాక్టరు అన్నారు. నాకు నేర్పినవాడు మాత్రం అనలేదు.

ఈ పొద్దున స్టూలు లాక్కుని కూర్చుని ఒక నిమిషం ముసలమ్మ ఊపిరి తీశాను. వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరు చూశాను, డాక్టర్ను అడిగాను. ఈమెకు పెంచొచ్చన్నారు.

పెంచాను.