బెల్లం నీళ్లు పోసిన సిమెంటు

ధర్మవరంలో నేను బాగుచేయిస్తున్న పాత సత్రంలో సున్నం కోసం కరక్కాయలు, బెల్లం నానుతున్నాయి. ఆ పులిసిన వాసన తగిలితే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. ఆ వాసన నాకు నేర్పింది మూర్తి సార్. ఆ బెల్లాన్నే అడ్డం పెట్టుకుని ఊరివాళ్లు ఆయన పరువు తీశారు.

మూర్తి సార్‌ది హిందూపురం. మాకు ఆర్కిటెక్చర్ చెప్పేవారు. పాత కట్టడానికి తీసుకెళ్తే పెన్సిల్ ముట్టనిచ్చేవారు కాదు. "ముందు గోడకు చెంప ఆనించు పాపా. ఊపిరి తీస్తాండాదా లేదా చూడు" అనేవారు. నాకేమీ తెలియడం లేదంటే, "తెలిసేదాకా ఆడనే ఉండు" అని వెళ్లిపోయేవారు.

రిటైరయ్యాక పెనుకొండలో ఒక పాత మంటపం పని నెత్తికెత్తుకున్నారు. నేనూ వెళ్లేదాన్ని. సున్నం నానుతుండగా ఆయనకు జ్వరం వచ్చి హిందూపురంలో మంచాన పడ్డారు. పెనుకొండలో జాతర దగ్గరపడింది. ఆలోపు సున్నం ఆరదని కంట్రాక్టరు సిమెంటు తెప్పించాడు. సార్ మాట తీసేసినట్టు ఉండకూడదని అందులో ఆయన బెల్లం నీళ్లు పోయించాడు! సున్నానికి బలమిచ్చే బెల్లం సిమెంటును గట్టిపడనివ్వదు. పూత వేలు పెడితే రాలిపోయింది.

సార్ లేచి వచ్చేసరికి ఊరి పెద్దలు మంటపంలో కూర్చుని ఉన్నారు.

"మీరు చెప్పినట్టే బెల్లం కలిపినాం గదా సార్" అన్నాడు కంట్రాక్టరు.

"సిమెంట్‌లో పోయమన్నానా అప్పా?"

"యాడ పోస్తే ఏముండాది సార్, బెల్లమే గదా."

"వయసైపోయినాది సార్, ఇంటికాడ ఉండండి" అన్నాడొక పెద్దమనిషి. నేను అరిచాను. నన్ను కూర్చోమన్నారు. సార్ రాలిన పూతను వేళ్ల మధ్య నలిపి చూసి బయటికి నడిచారు. ఆయన మీద కూడా నాకు కోపమే. మీరెందుకు గట్టిగా అడగలేదని తిరిగి వస్తూ బస్సులో నిలదీస్తే, "అరిస్తే గోడ నిలబడ్తాదా పాపా?" అన్నారు.

తర్వాత ఉత్త సిమెంటు పూసి పైన రంగు కొట్టారు. లోపలి చెమ్మ బయటికి రాలేక, వానాకాలంలో గోడ ఉబ్బి కూలింది. ఊళ్లో మాత్రం ఆ సార్ బెల్లమే చెడగొట్టిందన్నారు. ఆ మాట మోస్తూనే ఆయన పోయారు.

ఈ ఉదయం మేస్త్రీ నసుగుతూ, "కొంచెం సిమెంట్ ఏసుకుందాం మేడం, బిరీన గట్టిపడ్తాది" అన్నాడు. వీధి చివరిదాకా వినబడేలా అరిచాను. అతను అప్పటికే తెప్పించిన సిమెంటు మూట వచ్చిన ఆటోలోనే వెనక్కి పోయింది.

తర్వాత గోడకు చెంప ఆనించాను. చల్లగా ఉంది. నిలబడింది సార్, అరిస్తే.