తిట్టడానికి వచ్చే మనిషి

ఫోన్ వచ్చేసరికి నేను ఆఫీసులో ఏదో బేస్‌మెంటు డ్రాయింగు సరిదిద్దుతున్నాను. చేసింది మా విల్లా ఓనరు దగ్గర పనిచేసే హౌస్ డ్రైవరు, జగిత్యాల వైపు మనిషి. "మేడం, అంకుల్ పోయిండు" అన్నాడు.

"అప్పుడేనా? మ్యాచ్ సాయంత్రం కదా" అన్నాను. "నన్ను ఎక్కించుకుని వెళ్తానన్నారు, అంత తొందరేంటి ఆయనకి" అని విసుక్కున్నాను కూడా.

"అట్ల పోలేదు మేడం" అన్నాడు చివరికి. "కారు తుడుస్తుండె. తుడుస్తా తుడుస్తా కింద కూసున్నడు. అంబులెన్స్ అచ్చింది. ఆళ్లే చెప్పిన్రు."

అంత స్పష్టంగా చెప్పిన మాటని నేనెందుకు తప్పుగా విన్నానో మీకు అర్థం కావాలంటే మా పక్కవాటా అంకుల్ గురించి చెప్పాలి. ఇక్కడ ఖతర్‌లో, ఐన్ ఖాలిద్ పేటలో మేముండే విల్లాని ఓనరు లోపల అడ్డగోడలు కట్టి వాటాలు చేశాడు. వెనకవైపు వాటా మాది, దాన్ని ఆనుకుని ఉన్నది అంకుల్‌ది. ఆయన సికింద్రాబాద్ మనిషి. ఒక కంపెనీలో ఏసీల మెయింటెనెన్సు విభాగం మొత్తం ఆయన కింద ఉండేది. ఆంటీ సికింద్రాబాద్‌లోనే టీచరు. ఉద్యోగం మానేసి వచ్చి ఈ గోడలు చూస్తూ కూర్చోనని పెళ్లయిన కొత్తలోనే చెప్పేశారట. సెలవులకి వచ్చి, ఇల్లంతా కడిగి, వెళ్లిపోయేవారు. మా ఆయనది రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. వారాల తరబడి అక్కడే క్యాంపులో ఉంటారు. అలా ఒకే గోడకి ఇటు నేను, అటు ఆయన.

మేం కొత్తగా దిగిన రోజుల్లో, ఒక పొద్దున చెత్తసంచి పట్టుకుని బయటికొస్తే గేటు దగ్గర ఆయన కనబడి, "మీ సారు పోయిండా బిడ్డా?" అని పలకరించారు. మాది కాకినాడ. మా వైపు తెల్లారగట్లే ఎవరినైనా ఆ మాట అడిగితే కొట్లాటే. నేను మొహం మాడ్చుకుని, "ఆయన నిక్షేపంలా ఉన్నారండి. డ్యూటీకి వెళ్లారు" అన్నాను. "నేను గూడ గదే అంటున్న గద, డ్యూటీకి పోయిండు" అన్నారాయన అమాయకంగా. సంగతి బోధపడ్డాక గేటు పట్టుకుని నవ్వారు. ఆ రోజు నుంచి నా కోసం ఒక మాట తయారుచేశారు: వెళ్లిండు. "మీ సారు వెళ్లిండా?" అనేవారు. అది మా మాటా కాదు, వాళ్ల మాటా కాదు. ప్రపంచం మొత్తం మీద ఆ తెలుగు మాట్లాడే మనిషి ఆయనొక్కరే అయ్యుంటారు. మిగతా వాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆయన నోట పోయిండు, పోయిన్రు తప్ప వేరే వచ్చేది కాదు. గోడకి ఇవతల నుంచి ఏళ్ల తరబడి విని విని నాకూ ఆ మాటలో చావు వినబడటం మానేసింది. డ్రైవరు ఫోన్ చేసిన రోజున నాకు తట్టకపోవడానికి కారణం అదే.

ఖతర్‌లో హాకీ ఏమిటని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ఉద్యోగాలు చేసుకునే వాళ్లు సాయంత్రాలు ఆడుకునే చిన్న లీగు ఒకటి ఇక్కడ ఉంది. పంజాబీలు, పాకిస్తానీలు, మలేషియా వాళ్లు, ఎవరి జట్టు వాళ్లది. మన జట్టులో సగానికి పైగా సికింద్రాబాద్, బొల్లారం వైపు వాళ్లు. ఏటా లీగులో కిందామీదా పడి, చివరి మ్యాచ్‌లో ఎవరో ఎవరినో ఓడించడం వల్ల ఎలాగో నాలుగో స్థానంలోకి జొరబడేవారు. ప్లేఆఫ్‌లో మొదటి మ్యాచ్‌కే ఓడిపోయి ఇళ్లకి చేరేవారు. జట్టు పుట్టిన దగ్గర్నుంచీ ప్లేఆఫ్‌లో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలిచిన పాపాన పోలేదు.

పోనీ చేతకాక ఓడిపోతారా అంటే అదీ కాదు. బంతి వాళ్ల దగ్గరే ఉంటుంది. పెనాల్టీ కార్నర్లు మీద పడతాయి. పెనాల్టీ కార్నర్ అంటే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు. అది పట్టుకుని ఏం చెయ్యాలో తెలీక మనవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఈలోపు అవతలి వాడొచ్చి బంతి తీసుకుపోతాడు. "మనోళ్లకి గోల్ అంటే భయం గాదు బిడ్డా, సిగ్గు" అనేవారు అంకుల్. "పెండ్లికూతురు లెక్క దూరం నుంచి చూసి తల వంచుకుంటరు."

ఆయన కారు సర్వీసింగులో ఉందని ఒక శుక్రవారం నన్ను దింపమన్నారు. గ్రౌండు అల్ ఘర్రాఫా అవతల ఉంది. దింపి వచ్చేద్దామనే వెళ్లాను. ఆయన మెట్ల మీద కూర్చుని మొదలుపెట్టిన తిట్లు విని నవ్వాపుకోలేక నేనూ కూర్చున్నాను. టర్ఫ్ మీద గడ్డి కోస్తున్నారన్నారు. స్టిక్కు చేతికర్రనుకుంటున్నారన్నారు. సెంటర్‌లో ఆడే కుర్రాణ్ని పట్టుకుని, బంతి పాస్ చేయడానికి కఫీల్ పర్మిషన్ కావాలా అని అరిచారు. వీసా ఇచ్చిన యజమానిని ఇక్కడ కఫీల్ అంటారు. ఆ మాటకి అవతలి జట్టు వాళ్లు కూడా నవ్వారు. ఆ రోజూ ఓడిపోయాం. నేను మాత్రం ఆ తర్వాత శుక్రవారాలు ఇంట్లో ఉండలేదు.

అప్పట్లో జట్టుకి అభిమానులు బాగానే ఉండేవారు. పిల్లాపాపలతో వచ్చేవారు, వాట్సాప్ గ్రూపు ఒకటి ఉండేది. ప్లేఆఫ్‌లో ఓడిన ప్రతి ఏడాదీ అందులో రెండు రోజులపాటు యుద్ధం. కోచ్‌ని మార్చాలని ఒకరు, కెప్టెన్‌ని దింపాలని ఒకరు, ఈ జట్టుకో దండం అంటూ ఇంకొకరు. దండం పెట్టిన వాళ్లు గ్రూపులోంచి వెళ్లిపోయేవారు. వెళ్లని వాళ్లు రావడం మానేసి, ఇంట్లో కూర్చుని స్కోరు అడిగి మరీ తిట్టేవారు. అంకుల్ అందరికీ ఒకటే జవాబు పెట్టేవారు: "తిట్టాలంటే రావాలె. రానోనికి తిట్టే హక్కు లేదు." ఆ మాటకి కోపం వచ్చి మరికొందరు పోయారు. పోయినేడాదికి మెట్ల మీద మేమిద్దరమే మిగిలాం. అంత పొడవు మెట్లు, ఇద్దరు మనుషులు, అటు చివర ఎవరిదో మర్చిపోయిన వాటర్ బాటిల్. ఆయన గొంతు ఎదురుగోడకి తగిలి మళ్లీ మాకే వినబడేది.

అంత తిట్టే మనిషీ బయటివాడు ఒక్క మాటంటే ఊరుకునేవారు కాదు. ఒకసారి లాహోర్ పెద్దమనిషి ఒకాయన వెనక నుంచి, మీవాళ్లు హాకీ మానేసి కబడ్డీ ఆడుకుంటే మంచిదన్నాడు. అంకుల్ వెనక్కి తిరిగి, "హమారీ టీమ్ హై, గాలీ హమ్ దేంగే. ఆప్ కౌన్?" అన్నారు. అంటే మా జట్టు, తిట్టేది మేము, మధ్యలో నువ్వెవరని. ఆ పెద్దమనిషి కాసేపు బిక్కమొహం వేసి, తర్వాత తన కరక్ చాయ్ సగం ఈయనకి పంచి ఇచ్చాడు.

మీరు బాగా ఆడేవారా అని అడిగాను ఒకసారి. "నేనెన్నడు స్టిక్కు పట్టలె బిడ్డా. మా తమ్ముడు ఆడేటోడు. నేను గ్రౌండ్ పక్కన ఆళ్ల బట్టలకి, చెప్పులకి కావలి కూసునేటోణ్ణి" అన్నారు. ఆయనే మళ్లీ, "ఆడేటోనికి కూసునేటోడు ఒకడుండాలె" అన్నారు. అది పెద్ద మాట అని ఆయన అనుకోలేదు, వెంటనే గోల్‌కీపర్ని తిట్టడంలో పడిపోయారు. నాకు మాత్రం తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది. మా ఆయన క్యాంపులో ఉన్న వారాల్లో నేను లైటు కూడా వేసుకోకుండా సోఫాలో పడి ఉండేదాన్ని. అంకుల్ నాకు హాకీ నేర్పారని చెప్పను, ఆఫ్‌సైడు ఎందుకు తీసేశారో నాకు ఇప్పటికీ తెలీదు. ఒక మనిషి పక్కన కూర్చునే అవసరం నాకుందని ఆయనకి తెలుసు. నేను చెప్పకుండానే తెలుసు.

మ్యాచ్ రోజున గోడవతల కుక్కర్ విజిల్స్ వినబడేవి. ఉప్పువేసి పల్లీలు ఉడకబెట్టేవారు. నేను వేరుశనక్కాయలంటే, "ఎక్కడి శనక్కాయలు, ఇవి పల్లీలు" అని దిద్దేవారు. మ్యాచ్ అవగానే ఓడిన జట్టు మొత్తం ఇనుప జాలీ దగ్గరికొచ్చి తలలు దించుకుని నిలబడేది. ఈయన ఒక్కొక్కణ్ణీ పేరుపెట్టి కడిగేసేవారు. ఆ తర్వాత జాలీ పైనుంచి పల్లీల డబ్బా అందించేవారు. చివరికి నావైపు తిరిగి, మా ఇద్దరి పాత హాస్యం గుర్తుచేస్తూ, "మ్యాచ్ వెళ్లింది బిడ్డా" అనేవారు.

ఈ ఏడాది ఆయన రిటైరయ్యారు. వచ్చే నెల ఎగ్జిట్, అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి. సామాన్లు కార్గోలో వేసేశారు, ఇంట్లో ఒక మంచం, కుక్కరు, టీవీ మిగిలాయి. ఎప్పుడు బయలుదేరుతున్నారని ఎవరడిగినా, "మనోళ్లు ఒక్క ప్లేఆఫ్ గెలవాలె. అది చూసి ఫ్లైట్ ఎక్కుత" అనేవారు. కంపెనీ వాళ్లు టికెట్ తారీకు అడిగినా అదే జవాబు. మ్యాచ్ గురువారం పడింది. ఆ పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే విజిల్స్ వినబడ్డాయి.

ఫోన్ వచ్చాక పరిగెత్తుకొచ్చాను. అప్పటికే ఆయన్ని తీసుకెళ్లిపోయారు. కంపెనీ కాగితాలు చూసే మందూబ్ వచ్చి, పాస్‌పోర్టు కావాలంటే డ్రైవరూ నేనూ వాటా తలుపు తీశాం. పాస్‌పోర్టు టీవీ పక్కనే ఉంది. పొయ్యి మీద కుక్కర్ ఉంది. మూత తీస్తే పల్లీలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. డ్రైవరు అటు తిరిగి నిలబడ్డాడు. నేను వంటగట్టు పట్టుకుని ఏడ్చాను. ఇంత పెద్ద ఊళ్లో నాకు సొంతమనిషి అంటూ ఉన్నది ఆయనేనని అప్పుడు తెలిసింది.

ఆంటీకి ఫోన్ చేశాను. పాస్‌పోర్టు సంగతీ, కాగితాల సంగతీ చెప్పాను. తర్వాత ఆవిడే, "ఇయ్యాల మ్యాచ్ ఉన్నది గద" అన్నారు.

"ఉంది ఆంటీ."

"నువ్వు పోయి కూసో బిడ్డా. ఆయన లేడని ఆడ ఎవ్వరు లేకుంటె మంచిగుండదు."

వెళ్లాను. కబురు అప్పటికే జట్టుకి చేరింది. చేతులకి నల్లగుడ్డలు కట్టుకున్నారు. మెట్ల మీద నేనొక్కదాన్నే. మ్యాచ్ మొదలయ్యాక నాకు వినబడింది, ఇన్నేళ్లలో నేనెప్పుడూ వినని శబ్దాలు: బంతి స్టిక్కుకి తగలడం, బూట్లు జారడం, వాళ్లు ఒకళ్లనొకళ్లు పిలుచుకోవడం. ఆయన అరుపుల కింద ఇవన్నీ ఉండేవన్నమాట. సగంలో విరామానికి, ఆయన కుక్కరులోంచి తెచ్చిన పల్లీల డబ్బా జాలీ మీంచి అందించాను. నిలబడే ఒలుచుకుని తిన్నారు.

గెలుస్తారేమో అనుకున్నాను. ఈ ఒక్కరోజుకైనా గెలవాలని నాకు తెలిసిన దేవుళ్లందరినీ అడిగాను. రెండో సగంలో వరసగా కార్నర్లు వచ్చాయి. కొట్టింది ఒకటి గోల్‌పోస్టు పక్కనుంచి పోయింది, ఒకటి మనవాడి కాలికే తగిలింది, ఒకటి ఆపాల్సిన వాడి స్టిక్కు కింద అసలు ఆగలేదు. చివర్లో అవతలివాళ్లు ఒక్కసారి ముందుకొచ్చారు, ఒక్క గోల్ కొట్టారు. అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చిన మనిషి కోసం కూడా ఒక్క గోల్ కొట్టలేరా అనిపించింది. ఏమేం అనాలో మెట్లు దిగుతూ కూడబలుక్కున్నాను, కాకినాడ తిట్లకి కరువేం లేదు.

అలవాటు ప్రకారం జట్టంతా వచ్చి జాలీ అవతల నిలబడింది. తలలు దించుకున్నారు. కెప్టెన్ ఉద్యోగరీత్యా ఫిజియోథెరపిస్టు, బొల్లారం వాడు. వాడొక్కడే తలెత్తి నావైపు చూశాడు. "తిట్టండి మేడం" అన్నాడు.

నోరు తెరిచాను. ఆ మొహాలు చూశాక కూడబలుక్కున్నదంతా పోయింది. "బాగానే ఆడారు" అన్నాను.

ఓడిన జట్టుకి అక్కడ ఎవరూ ఎప్పుడూ చెప్పని మాట అది. కెప్టెన్ జాలీలోకి వేళ్లు పోనిచ్చి పట్టుకున్నాడు. "గట్ల అనకుండ్రి మేడం" అన్నాడు. "మీరు గట్లంటే అంకుల్ నిజంగనే లేనట్టు." అంత పొడుగు మనిషి అక్కడే చతికిలబడి ఏడ్చేశాడు.

తర్వాతి మ్యాచ్ కోసం టర్ఫ్ తడపాలి. తడి లేకపోతే హాకీ బంతి సాగదు. గ్రౌండు వాళ్లు తప్పుకోమని అటునుంచి, "యల్లా, యల్లా" అని కేకేశారు. నీళ్లు వదిలారు. మామూలుగా ఆ నీళ్లు రాగానే అందరూ నవ్వుతూ పక్కకి పరిగెడతారు. ఆ సాయంత్రం ఎవరూ కదల్లేదు. దూరపు మూల నుంచి నీటిజల్లు మెల్లగా తిరుగుతూ వచ్చి వాళ్ల వీపుల మీద పడింది, దాటి వెళ్లింది, మళ్లీ తిరిగి వచ్చింది. వాళ్లు తల వంచుకుని, ఎవరో ఇంకా ఏదో అంటారన్నట్టు, జాలీకి ఎదురుగా తడుస్తూ నిలబడ్డారు.