హాలండు గంగాళం, బేతంచెర్ల తొట్టి

ఏసురాజుకు ఆ బొమ్మల బైబిలు చూపించి నేను మేలు చేశానా, చెడుపు చేశానా? ఎనభై దాటాక కూడా జవాబు దొరకలేదు.

1956లో నేను బేతంచెర్లలో మిషను బడి పంతులిని. మా పేటలో కట్టిన కొత్త గుడికి బాప్తిస్మపు తొట్టి కావాలి. బైబిలు బొమ్మలో యాజకులు చేతులు కడుక్కునే గంగాళం ఎలా ఉందో తొట్టి అచ్చం అలాగే ఉండాలని సంఘపెద్ద గిడ్డయ్య పట్టుబట్టాడు. పని రాళ్లు చెక్కే ఏసురాజుకు అప్పగించారు. అంతవరకూ అతను చెక్కినవి రోళ్లు, పశువుల తొట్లే. తన చేతిపని గుడిలోకి పోవడం అదే మొదలు.

నేను చూపించిన బొమ్మలో గంగాళం సన్నటి కాలు మీద ఎత్తుగా నిలబడి ఉంది. చుట్టూ కుళాయిలు, అంచున పూలతీగలు. ఏసురాజు చాలాసేపు చూశాడు.

"సార్, దీన్ని గీసినాయప్ప ఆ గంగాళాన్ని కండ్లారా సూసినాడా?"

లేదన్నాను. రెండు వందల ఏళ్ల కిందట హాలండులో రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన బొమ్మ అది. బైబిల్లో ఆ గంగాళం సంగతి ఉన్న నిర్గమకాండం మళ్లీ చదివాను. కుళాయిల మాటే లేదు.

"అట్లయితే వాళ్లిండ్లల్లో ఉండేదే గీసుకున్యాడు. నేనూ మనదే చెక్కుతా. ఊర్లో మనకు పైనుంచి దోసిట్లోకి పోస్తారు కద సార్. కుళాయి పెడితే ఈడగూడా పైనుంచే పడతాది. ఎవురి చెయ్యి వాళ్లే ముంచుకోవాల."

నా దోసిలికీ ఆ నీళ్లు తెలుసు.

రెండు నెలలు చెక్కాడు. వెడల్పాటి తొట్టి, మోకాలెత్తు. అంచు పొడవునా కొర్రకంకులు. గిడ్డయ్య వచ్చి చుట్టూ తిరిగాడు.

"ఏమప్పా, ఎనుములకు కుడితి పోసేకా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గిడ్డయ్య చెడ్డవాడు కాదు. తన గుడిలోనైనా దొరల ఇంటి వస్తువు ఒకటి ఉండాలని ఆయన ఆశ. కాలు మీద నిలబెట్టి కుళాయిలకు బెజ్జాలు వేయమన్నాడు. లేకుంటే గడప దాటనివ్వనన్నాడు.

"బయటే పెట్టుకో పెద్దాయనా. బెజ్జం మాత్రం నా ఉలితో పడదు."

అన్నట్టే తొట్టిని గుడి బయట చూరు కింద దించాడు. ఆదివారం పొద్దున తనే నీళ్లు తోడి నింపి, మోచేతుల దాకా ముంచి ముఖం కడుక్కున్నాడు. ఆరాధనకు వచ్చిన హనుమంతమ్మ ఒక క్షణం ఆగి, ఆమె కూడా చేతులు ముంచింది. వెనకవాళ్లు వరుసగా వచ్చారు. గిడ్డయ్య గడపలోనే నిలబడి చూశాడు, వద్దనలేదు.

ఆ మాట చెబుదామని ఏసురాజు కోసం వెతికాను. ఉలుల సంచి భుజాన వేసుకుని, చొక్కాకు చేతులు తుడుచుకుంటూ, అతను అప్పటికే ఊరు విడిచి స్టేషను దారిలో చాలా దూరం నడిచిపోయాడు.