వజ్రాలు వెతికే పెద్దావిడ
వజ్రకరూరు బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ మీద డచ్ వాళ్ళు డాక్యుమెంటరీ తీశారట. ఆమె తొలకరికి చేలల్లో వజ్రాలు వెతికే మనిషి. మరునాడు వాళ్ళు నన్నూ చిత్రీకరించడానికి మా ఊరు రావాలి. ఒకప్పుడు ఊరిని శాసించిన కుటుంబం మాది; ఇప్పుడు నేను గొర్రెలు కాస్తున్నాను. పట్టుపంచె కట్టి కూర్చుంటాను గానీ, గొర్రెలు కాయడం మాత్రం చూపించనని ఆమెతో అన్నాను.

“మా ఊరోళ్ళు మెరిసే రాయొకటి చేతికిచ్చి, వజ్రం దొరికినట్టు చూపించమన్న్యారప్పా. పదేండ్లుగా ఎతుకుతాండా, ఒక్కటీ దొరకలేదు. ఆ మాటే చెప్పినా,” అందామె. “అయితే ఏమప్పా, నువ్వు పంచె కట్టి కూర్చుంటే ఆ పొద్దు గొర్రెల్ని ఎవరు మేపుతారు?”



మరునాడు కెమెరా వచ్చేసరికి మందను గుట్ట మీదికి తోలుతున్నాను. కాసేపు ఆగమన్నారు. ఆగలేదు. కావాలంటే వెంట రమ్మన్నాను.