గుండె గోడ మందం

దుబాయ్ నుంచి తిరిగొచ్చినంక ఎల్లారెడ్డిలో జిమ్ముకు పోవుడు మొదలువెట్టిన. "నలభై దాటినంక గీ సోకులేంది" అని నా భార్య ఎక్కిరిస్తుండె. నాకు మొండితనం జాస్తి. ఆమె నవ్వినకొద్దీ ఇంకో పది కిలోలు ఎక్కువ లేపిన. జిమ్మోళ్లు చెప్తే నీళ్ల నాచుతోని చేసిన పచ్చ గోలీలు గూడ పొద్దుమాపు మింగిన.

ఒకనాడు బరువు దించినంక దడ ఆగలే. తెల్లారి బస్సెక్కి కామారెడ్డిల గుండె డాక్టర్ దగ్గరికి పోయిన. బరువులెత్తుతవా అని అడిగిండు. లేదు సార్. గోలీలేమన్న మింగుతవా? లేదు సార్. మా దిక్కు గల్ఫ్ పోయొచ్చినోళ్ల అలవాటే అది. వీసాకు చేసే మెడికల్ పరీక్షల ఏదడిగినా లేదనాలె, ఉన్నదంటే వీసా పాయె. పన్నెండేండ్లు మరిగిన నోరు, నేను సోంచాయించకముందే లేదన్నది.

డాక్టర్ స్కానింగ్ తీయించి చూసిండు. "గుండె గోడ మందమైంది. నువ్వు చెప్పినదాన్ని బట్టి కారణం దొరుకుతలేదు. వంశంల వచ్చిందైతే పిల్లలకూ ఉండొచ్చు. తేలేదాక వాళ్లను ఉరుకనియ్యకు" అన్నడు.

నాకు ఒక్కతే బిడ్డ, తొమ్మిదో తరగతి. కబడ్డీల కూతకు పోయిందంటే ఆపుడు ఎవ్వరితోని కాదు. జిల్లా ఆటకు తీసుకున్నరు. ఆమె మైదానంల కూలబడ్డట్టే కండ్లకు కట్టింది. బస్టాండ్ దాక పోయినోన్ని మళ్లొచ్చి, అంతా ఒప్పుకున్న.

డాక్టర్ మస్తు తిట్టిండు. "గోలీలు ఏం చేస్తయో గట్టిగ చెప్పలేను. బరువులెత్తితే మాత్రం గోడ మందమైతది. రెండూ బందువెట్టు. మూడు నెలల్ల తగ్గితే కసరత్తుతోని వచ్చినట్టే. ఈలోపల బిడ్డను తోలుకరా, చూద్దాం."

రెండూ బందువెట్టిన గని, బిడ్డను తోలుకపోలే. పరీక్షల ఉన్నదని వస్తే ఎట్ల బతుకుడు? జరిగిందంతా ఇంట్ల చెప్పిన, నా అబద్ధంతో సహా. బిడ్డను మాత్రం ఆట మాన్పించిన. జిల్లా ఆట ఆమె లేకుంటనే అయిపోయింది. ఆమె మెట్లెక్కుతుంటే ఊపిరి లెక్కవెట్టుకుంట కింద నిలవడేటోన్ని. ఆమె అది చూసింది. కొన్నాళ్లకు తనే సగం మెట్ల మీద ఆగి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకునుడు నేర్చింది.

మూడు నెలలకు మళ్ల స్కానింగ్ తీసిండ్రు. తగ్గింది. కసరత్తుతోనే వచ్చింది, బిడ్డను ఆడనియ్యమన్నడు డాక్టర్. ఉరుక్కుంట ఇంటికొచ్చి చెప్పిన.

బిడ్డ నా మొఖంల మొఖం పెట్టి చూసింది.

"బాపూ, ఈసారి డాక్టర్‌కు అన్నీ నిజమే చెప్పినవా?"